అద్దానికి అతుక్కుపోయిన పాత ఫొటోని ఎలా తీయాలి?

అమ్మమ్మ, తాతయ్య పక్కపక్కన కూర్చుని దిగిన ఫొటో మా దగ్గర ఒక్కటే ఉంది. 1984లో స్టూడియోలో తీయించుకున్న కలర్ ఫొటో. నెగెటివ్ లేదు. మొన్న ఫ్రేము మారుద్దామని వెనక మేకులు ఊడదీస్తే, ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఓ మూల గోరుతో మెల్లగా లేపబోయాను. అమ్మమ్మ చీర అంచు కొంచెం అద్దం మీదే ఉండిపోయింది. టెన్షన్‌తో అక్కడికక్కడే ఆపేశాను.

తెలిసినవాళ్లను అడిగితే తలో మాట. ఫొటో పైపొర జెలటిన్ కాబట్టి చెమ్మ తగిలితే ఉబ్బి అంటుకుంటుందని, డిస్టిల్డ్ వాటర్‌లో అద్దంతో సహా నానబెడితే వదులుతుందని ఒకరన్నారు. హెయిర్ డ్రయ్యర్ పెట్టమని ఇంకొకరు (నాకైతే ధైర్యం చాలడం లేదు). ముందుజాగ్రత్తగా అద్దం మీదుగానే 600 డీపీఐలో స్కాన్ చేసి పెట్టుకున్నాను గానీ, అతుక్కున్నచోట తడి మచ్చల్లా కనిపిస్తోంది.

మీలో ఎవరైనా ఇలాంటి ఫొటోని స్వయంగా నానబెట్టి తీశారా? ఎంతసేపు పట్టింది? రంగులు పోయాయా? విన్నది కాదు, చేసి చూసింది చెప్పండి, ప్లీజ్. లేదంటే ఇక కదపకుండా ఆ అద్దంతోనే ఉంచేయమంటారా?