ఆగస్టు 29 వికీపీడియా రచనా కార్యక్రమం: ఏ విషయాలకు వ్యాసాలు రాద్దాం?

విజయవాడ, మూలాల సేకరణ బాధ్యురాలు:

కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం. తెలుగు భాషా దినోత్సవం నాడు న్యూజెర్సీలో మన సంఘం తలపెట్టిన తెలుగు వికీపీడియా రచనా కార్యక్రమానికి మీరు పంపిన జాబితాను గుంటూరు మిత్రులతో కలిసి పరిశీలించాను. అందులో ఇక్కడి గ్రంథాలయాలు, రంగస్థల నటులు, కొన్ని గ్రామాలు, మిఠాయి దుకాణాలు, మన సంఘం పూర్వాధ్యక్షులు ఉన్నారు. వీటిలో వేటికి వ్యాసం నిలుస్తుందో ముందే తేల్చుకోకపోతే, ఆ రోజు ఉత్సాహంగా రాసిన పేజీలకు కొద్ది రోజులకే తొలగింపు మూస (పేజీని తీసివేయాలని సూచించే గుర్తు) తగులుతుంది. మొదటి వ్యాసమే పోగొట్టుకున్నవారిని మళ్లీ అటువైపు తీసుకురావడం కష్టం.

మనం ఒకరిని ఎంతగా గౌరవిస్తామన్నది వికీపీడియాకు అక్కరలేదు. ఆ వ్యక్తితో గాని సంస్థతో గాని సంబంధం లేని నమ్మదగిన ప్రచురణలు ఆ విషయం గురించి తగినంత విస్తారంగా రాశాయా అన్నదే అక్కడ చూస్తారు. ఆ లెక్కన మన సావనీరులో వేసిన పరిచయాలు పనికిరావు. నిర్వాహకులు పంపిన ప్రకటననే జిల్లా ఎడిషన్లు యథాతథంగా అచ్చువేసిన సన్మాన వార్తలు కూడా అంతే. కనుక పూర్వాధ్యక్షుల పేర్లు తీసివేయాలని నా అభిప్రాయం. ఇది కొందరికి కష్టంగా తోస్తుందని తెలిసే చెబుతున్నాను. గ్రామాలతో పేచీ లేదు, జనగణనలో నమోదైన ఊరికి సాధారణంగా ఈ ప్రశ్న రాదు. 1911లో వెలసిన విజయవాడ రామమోహన గ్రంథాలయం, ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో స్థాపించిన శారదా నికేతనం వంటి వాటిపై చరిత్ర గ్రంథాలలోనే కావలసినంత సమాచారం ఉంది. వీటికి ఇప్పటికే వ్యాసాలుంటే మూలాలు చేర్చి విస్తరిద్దాం.

న్యూజెర్సీ, సాంస్కృతిక కార్యదర్శి:

చెల్లెమ్మా, అధ్యక్షుల విషయంలో మీరు చెప్పినట్లే కానిద్దాం. నా బాధ నటుల గురించి. ఊరూరా పద్యనాటకాలు ఆడి జీవితం వెళ్లదీసినవారి గురించి ఇంటర్నెట్టులో నాలుగు వాక్యాలు కూడా దొరకవు. 2018 మేలో డోనా స్ట్రిక్‌లాండ్ అనే శాస్త్రవేత్తపై ఇంగ్లీషు వికీపీడియాకు వచ్చిన చిత్తుప్రతిని మూలాలు చాలవని తిప్పి పంపారు. అదే ఏడు అక్టోబరులో ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అంతటి శాస్త్రవేత్తకే అలా జరిగితే, తెనాలి పక్క పల్లెలో పుట్టిన నటుడికి చోటెవరిస్తారు?

విజయవాడ, మూలాల సేకరణ బాధ్యురాలు:

అన్నయ్యగారూ, మీ ఉదాహరణ సరైనదే. ఇతరులు రాయనిదాన్ని వికీపీడియా తానుగా కనిపెట్టి రాయదు. లోకం ఎవరిని పట్టించుకోలేదో వారు అక్కడా కనిపించరు, దీన్ని నియమం మార్చి మనం సరిదిద్దలేము. అయితే మన నటుల సంగతి కొంత వేరు. మూలం ఇంటర్నెట్టులోనే ఉండాలని, ఇంగ్లీషులోనే ఉండాలని ఏ నియమమూ లేదు. పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య ఇస్తే అచ్చు కాగితం కూడా మూలమే. ఆనాటి పత్రికలలో నాటక సమీక్షలు వచ్చేవి. 1918లో ఏర్పడిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల సంపుటాలు భద్రంగా ఉన్నాయి. ఒక్క ప్రకటనలో పేరు కనిపిస్తే చాలదు, అభినయం గురించి ఎవరైనా రాసి ఉండాలి. అలా రెండు మూడు మూలాలు దొరికిన నటులకే ప్రత్యేక వ్యాసం రాద్దాం. ఒకటే దొరికితే ఆ వివరాన్ని నాటక సమాజం వ్యాసంలోనో ఊరి వ్యాసంలోనో చేర్చవచ్చు. దుకాణాలను ఈసారికి పక్కన పెడదాం, యజమానుల బంధువులు మనలోనే ఉన్నారు కదా!

మరొక సంగతి. అక్కడ ఉదయం పదింటికి మొదలుపెడితే ఇక్కడ రాత్రి ఏడున్నర అవుతుంది, ఆ వేళ గ్రంథాలయానికి పరుగెత్తే వీలుండదు. అందువల్ల పుటల ఫోటోలు ఆగస్టు 20 నాటికే మీకు చేరాలి. వాటిలోని వాక్యాలను ఎత్తి రాయకుండా, సొంత మాటల్లో రాయాలని రచయితలకు ముందుగానే చెప్పండి.

గుంటూరు, స్వచ్ఛంద సభ్యుడు:

వేటపాలెం నేను వెళ్తాను. నటుల పేర్లు మాత్రమే పంపితే అన్ని సంపుటాలలో వెతకడం సాధ్యం కాదు; వారు ఆడిన నాటకాలు, పనిచేసిన సమాజాలు, సుమారుగా ఏయే సంవత్సరాలో కుటుంబసభ్యులను అడిగి ఆదివారంలోగా తెలియజేయగలరు. వివరాలు రాని పేర్లను వచ్చే ఏటి జాబితాకు మారుస్తాను.