క్రీప్ అంటే పాకడమేనా?

ఫ్లోరైడ్ నీళ్ల మీద ఒక ఇంగ్లీషు కరపత్రాన్ని తెలుగు చేస్తూ మొన్న ఒక్క వాక్యం దగ్గర గంటసేపు ఆగిపోయాను. ఫ్లోరోసిస్ నల్గొండ ఊళ్లలోకి ‘క్రెప్ట్’ అని ఉంది, క్రీప్‌కి భూతకాలం. నిఘంటువు తీస్తే ప్రాకు, పాకు. సరే అని ‘జబ్బు ఊళ్లలోకి పాకింది’ అని రాసేసి మళ్లీ చదువుకుంటే అర్థమే తప్పింది. మన దగ్గర జబ్బు పాకింది అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకుందనే కదా, మశూచి పాకినట్టు. ఫ్లోరోసిస్ అంటుకునేది కాదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద మచ్చలు, తర్వాత కీళ్లు పట్టేసి నడుము వంగిపోవడం. అసలే ఆ నల్గొండలోని మర్రిగూడ వైపు సంబంధమంటే జంకిన రోజులున్నాయి, దానికి అంటురోగమన్న మాట కూడా నేను తగిలించాలా?

ఇంగ్లీషు మాటలో నెమ్మదీ ఉంది, గుట్టూ ఉంది. మన పాకడంలో గుట్టు లేదు, మంటలు పాకాయి అన్నప్పుడైతే నెమ్మది కూడా లేదు. గుట్టు కావాలంటే నక్కాలి. పిల్లి కోడిపిల్ల మీదికి నక్కి నక్కి పోతుంది, సొరతీగ పందిరి మీదికి పాకుతుంది, అర్ధరాత్రి దొంగ చప్పుడు చేయకుండా ఇంట్లో జొరబడతాడు, ఇంగ్లీషువాడికి అన్నీ క్రీపే. మా ఇంట్లో అంబాడే చంటిదానికి మాత్రం క్రాల్ అంటారు. తన మీద బరువు అలాగే ఉండి ఉండి కాంక్రీటు స్లాబు ఏళ్ల మీద ఇంతింత కుంగుతుంది చూడండి, ఇంజనీర్లు దాన్నీ క్రీప్ అనే అంటారు. ఇక పిల్లలు ‘వాడు క్రీపీగా ఉన్నాడు’ అంటే ఒంటి మీద పురుగు పాకినట్టుందని, అక్కడ మాత్రం మన పాకడం సరిగ్గా సరిపోతుంది.

— పాలమూరు నుంచి: ఇంత తిప్పలెందుకు అన్నా, చాప కింద నీరులా వచ్చింది అను, అయిపాయె!

— అదే మొదట రాశాను తమ్మీ. కానీ జబ్బుకు కారణమే నీళ్లు, మళ్లీ పోలిక కూడా నీళ్లే అయితే చదివేటోళ్లు ఏ నీళ్లో అని తికమక పడతారు. చివరికి ‘తాగే నీళ్లతోనే, తెలియకుండా, ఎముకలకు పట్టింది’ అని రాసి పంపాను. ‘పట్టింది’ కన్నా మంచి మాట ఎవరికైనా తడితే చెప్పండి, అచ్చుకు ఇంకా పోలేదు.