టీబీ మందులు ఫ్రీయే, మరి ఇల్లు గడిచేదెలా?

వెన్నెల22:
మా ఆయనకు టీబీ అని తేలి 20 రోజులైంది. మందులు ఉచితంగానే ఇస్తున్నారు. కానీ ఆయన పనికి వెళ్లి నెలన్నర దాటింది. అంతకుముందు దగ్గు తగ్గట్లేదని ముగ్గురు డాక్టర్ల చుట్టూ తిరిగాం, చేతిలో ఉన్నదంతా అక్కడే ఊడ్చుకుపోయింది. ఇప్పుడేమో బలమైన తిండి పెట్టమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మీరంతా ఎలా నెట్టుకొచ్చారు?

పాతడైరీ:
మాదీ ఇదే కథ అక్కా. జబ్బేంటో తెలిసేలోపే సగం అప్పు అయిపోయింది. నేను ప్రతి ఖర్చూ ఒక పుస్తకంలో రాసుకున్నాను. టీబీ మందులకు పెట్టింది సున్నా. రానుపోను ఛార్జీలు, ఎక్స్‌రేలు, పోయిన జీతం, నాకు తోడొచ్చి మా అమ్మ పోగొట్టుకున్న పనిరోజులు, ఇవే మమ్మల్ని ముంచాయి. ఇవన్నీ కలిపి ఇంటి ఏడాది ఆదాయంలో 20 శాతం దాటితే, కుటుంబాన్ని కుదేలు చేసే ఖర్చుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కేస్తుంది. మాది ఎప్పుడో దాటేసింది. ఆ పుస్తకం చూపించి, నెల మందులు ఒకేసారి ఇవ్వగలరా అని అడిగాను. ఇచ్చారు. మొహమాటపడకుండా అడగండి.

తుమ్మెద:
తిండి సంగతి నేను చెబుతాను. మొదట్లో వికారం, ముద్ద దిగేది కాదు. తర్వాత ఆకలి ఒక్కసారిగా తిరిగొచ్చింది, సరిగ్గా అప్పుడే ఇంట్లో డబ్బుల్లేవు. నాకోసం ఉడకబెట్టిన గుడ్డు పాప కంచంలో వేసేవాణ్ని. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు. మర్నాటి నుంచి తన గుడ్డు మానేసి మా ఇద్దరికీ పెట్టింది. రెండు నెలల్లో నేను 46 కిలోల నుంచి 49కి వచ్చాను. తను చిక్కిపోయింది. ఆ సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను. రోగి ఒక్కడికే లెక్కేసి సరుకులు తెచ్చుకోకండమ్మా.

నీలిమేఘం:
తుమ్మెద గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఈ రంగంలోనే పనిచేస్తున్నాను. జార్ఖండ్‌లో చేసిన రేషన్స్ అనే పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. రోగులందరికీ సరుకులిచ్చారు, కొన్నిచోట్ల ఇంట్లో మిగతావాళ్లకు కూడా ఇచ్చారు. అలా ఇచ్చినచోట కుటుంబసభ్యులకు కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లో కూడా, మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో మరణాలు బాగా తక్కువ. కాబట్టి ఖరీదైన డబ్బా పొడుల మీద డబ్బు పెట్టకండి, రోజూ తినేదే ఇంకాస్త ఎక్కువ, ఇంకోపూట పెట్టండి. బరువును బట్టే మందుల మోతాదు ఉంటుంది, వెళ్లిన ప్రతిసారీ తూకం వేయించండి. ఇంట్లో అందరికీ టీబీ పరీక్ష చేయించారా?

వెన్నెల22:
లేదండీ, మొన్నటిదాకా ఎవరూ చెప్పలేదు. నిన్న ఆయనతోపాటు నేనూ తూకం ఎక్కాను. 41 కిలోలు. పిల్లల్ని కూడా పరీక్షకు తీసుకురమ్మన్నారు. సోమవారం వెళ్తున్నాం.

పాతడైరీ:
ముందే ఫోన్ చేసి కనుక్కోండి అక్కా. పిల్లల పరీక్షలు, ఆయన మందులు ఒక్క ట్రిప్పులోనే అయిపోవాలి.