కాశీనగర్ నుంచి పిల్లల్ని విశాఖ తీసుకెళ్లాలి: బస్సు, డబ్బు సందేహాలు

ప్రశ్న (టీచరు, ఒడిశాలోని కాశీనగర్ దగ్గర పల్లె):
మాది సర్కారు బడి. ఏడు, ఎనిమిది తరగతులు కలిపి 42 మంది. సబ్‌మెరైన్ మ్యూజియమూ జూ చూపిస్తానని మాటిచ్చేశాను. ఇళ్ల నుంచి తలకు 150 కంటే రాదు, బస్సతను 16 వేలంటున్నాడు. మిగతాది ఎలా పోగుచెయ్యాలి? సోమవారం స్థానిక సెలవు, ఆ రోజే అనుకుంటున్నాం.

జవాబు (రిటైర్డ్ మాస్టారు, పర్లాకిమిడి):
ముందు సోమవారం మానుకోండమ్మా. కురుసురా సబ్‌మెరైనుకీ, జూకీ వారపు సెలవు ఆ రోజే. అంతదూరం వెళ్లి బీచి ఇసక చూసి రావాలి.

డబ్బు కంటే బస్సు కాగితం చూసుకోండి. మన ఒడిశా బస్సు సరిహద్దు దాటి ఆంధ్రాలో పాతపట్నం వైపు వెళ్లాలంటే స్పెషల్ పర్మిట్ గానీ, ఆలిండియా టూరిస్టు పర్మిట్ గానీ ఉండాలి. ఓనరు ‘మాకు మామూలే సార్’ అంటాడు. నాతోనూ అలాగే అన్నాడొకడు. దాటగానే ఆపేశారు. ఎండలో రెండు గంటలు నిలబడ్డాం. ఓ పిల్ల నా కండువా నెత్తిన వేసుకుని, ‘ఇదేనా మాస్టారూ విశాఖ?’ అనడిగింది. పర్మిట్ ఫోటో మీ ఫోన్లో పడ్డాకే అడ్వాన్సు ఇవ్వండి. పిల్లల పేర్ల జాబితా రెండు కాపీలు దగ్గరుంచుకోండి.

జవాబు (రైల్వేలో పనిచేసినాయన, గుణుపూర్):
బస్సెందుకండీ? పల్లెల్లోని సర్కారు బడులకు ఏడాదికోసారి విజ్ఞానయాత్రకి సెకండ్ క్లాసులో 75 శాతం రాయితీ ఉంది. 2020లో చాలా రాయితీలు ఆపేసినా విద్యార్థులవి ఉంచారు. హెడ్మాస్టరు సంతకంతో ముందే స్టేషన్‌కి వెళ్లి అడగండి. ప్రయాణం రోజు కౌంటర్లో అడిగితే పని జరగదు.

టీచరు:
రైల్లో ఒక్కరోజులో వెళ్లి రాలేం సార్. రాత్రి బసంటే తల్లులు పంపరు.

రిటైర్డ్ మాస్టారు:
అయితే విశాఖ ఈసారికి వదిలెయ్యండి. శ్రీకాకుళం జిల్లా ముఖలింగం మీకు దగ్గరే, బస్సు ఖర్చు బాగా తగ్గుతుంది. మీ ఊరి పక్కన పారే వంశధారే అక్కడా ఉంది. ఒడియా పుస్తకంలో పూరీ, కోణార్క్ చదివే పిల్లలు, వాటిని కట్టించిన గంగరాజుల పాత రాజధాని చూసినవాళ్లవుతారు. మధుకేశ్వరాలయం గోడల మీది శిల్పాలు ఒక్కో పిల్లాడితో ఒక్కోటి గీయించండి. జూకంటే అదే బాగుంటుందని నా పక్షపాతం.

జవాబు (ఒక తల్లి):
చందా పుస్తకం పట్టుకుని షాపుల చుట్టూ తిరక్కండి మేడమ్, మొహమాటానికి పదీ ఇరవై ఇస్తారు. లక్కీడిప్ అసలొద్దు, ఊళ్లో మాటొస్తుంది. మేం బడి ఆటల రోజున గుప్‌చుప్ (పానీపూరీ), ఉల్లి బజ్జీల బండి పెట్టాం. పుదీనా నీళ్లు రెండు బిందెలు కలిపితే మధ్యాహ్నానికే అయిపోయాయి. శనగపిండి, నూనె ఇళ్ల నుంచి తెచ్చుకున్నాం గనక వచ్చిందంతా మిగిలింది. లెక్క మా గుంటలే బోర్డు మీద రాశారు, ఎవరూ నోరెత్తలేదు.

టీచరు:
ముఖలింగమే ఖాయం చేశాం, శనివారం. పర్మిట్ ఫోటో వచ్చింది. సబ్‌మెరైనని ఏడ్చినవాడు ఒక్కడే. వాడికి గుప్‌చుప్ బండి గల్లాపెట్టె అప్పజెప్పాను.