ఎర్ర చల్కకు ఏ వెదురు: బాల్కువానా, సాధనపు వెదురా?

చల్క రైతు (నల్గొండ): మాది ఎర్ర చల్క, అంటే ఇసుక పాళ్లున్న ఎర్ర నేల. ఎకరం కూరగాయల తోట. ఉత్తరం గట్టు వెంబడి వెదురు పెడదామనుకుంటున్నా. బోరు వేసవిలో అరగంటకు మించి పోయదు. ముందు పందిళ్లకు కర్రలు కావాలి, మిగిలితే అమ్ముతా. నర్సరీవాళ్లు బాల్కువా అంటున్నారు, ఊళ్లో పెద్దలు సాధనపు వెదురంటున్నారు.

పచ్చబొంగు: కళ్లు మూసుకుని బాల్కువా పెట్టండి. ముళ్లుండవు, బొంగు లావు, రేటూ బాగుంటుంది. విత్తనం కట్టదు కాబట్టి పూత టెన్షన్ లేదు. సాధనపు వెదురు పూసిందంటే పొద చచ్చినట్టే.

మేదర వీధి: పచ్చబొంగు గారూ, విత్తనం కట్టకపోవడం వేరు, పూయకపోవడం వేరు. బాల్కువా కూడా పూస్తుంది, పూసిన పొద ఎండిపోతుంది. అసలు అడగాల్సింది మొక్క ఎక్కడి నుంచి వచ్చిందని. కణుపు నుంచో టిష్యూకల్చర్‌లోనో (ల్యాబ్‌లో మొక్క ముక్క నుంచి) తీసిన మొక్కకు తల్లి పొద వయసే లెక్క. సాధనపు వెదురు సుమారు 25 నుంచి 45 ఏళ్లకు పూస్తుంది. ఈమధ్య పూసిన పొదల గింజతో పెంచిన నారు దొరికితే మీ తరానికి ఢోకా లేదు.

ఇక నీళ్లు. బాల్కువా అస్సాం, బెంగాల్ వైపుది, 15 మీటర్లు దాటి పెరుగుతుంది. అరగంట బోరుతో దాన్నేం సాకుతారు? సాధనపు వెదురు 750 మి.మీ. వానకే బతుకుతుంది. పొడి నేలలో బొంగు లోపల దాదాపు నిండుగా ఉంటుంది, లాఠీలు చేసేది దాంతోనే. పందిరికి కావాల్సింది అదే కదా! నీళ్లు నిలిచే చోట మాత్రం పెట్టొద్దు.

పాడేరు అక్క: కర్రల గోలేనా, కొమ్ములు (లేత వెదురు మొలకలు) తినరా? బాల్కువా కొమ్ము లావుగా వస్తుంది. కాకపోతే పచ్చిది విషం, ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. కొమ్ము కోస్తే ఆ మేరకు కర్ర పోయినట్టే.

చల్క రైతు: సరే, గట్టుకు సాధనపు వెదురే. నరకడానికి ఫారెస్టువాళ్ల పర్మిషన్ కావాలా?

మేదర వీధి: అడవి బయట పెంచిన వెదురును 2017లోనే కేంద్ర అటవీ చట్టంలో చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు, అంటే ఆ చట్టం కింద పర్మిషన్ అక్కర్లేదు. మూడేళ్లు నిండిన బొంగులే నరకండి, వానాకాలంలో కత్తి పెట్టొద్దు.

పచ్చబొంగు: ఉత్తరం గట్టంటే చలికాలం నీడంతా పక్క చేలో పడుతుంది. ఆయన్ని అడిగారా?