గోశాల–అడవివరం రోడ్డు ఆలస్యం ఎవరి తప్పు?

కొండకింద: విశాఖలో బీఆర్‌టీఎస్ రోడ్లకు (బస్సులకు వేరే వరస ఉండే వెడల్పు రోడ్లు) డబ్బిచ్చిన కేంద్ర పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం వచ్చింది 2005లో. సింహాచలం కారిడార్‌లో గోశాల నుంచి అడవివరం దాకా ముక్క మాత్రం ఏళ్ల తరబడి ఆగింది. వెడల్పు రోడ్డు మీద వచ్చిన బస్సు అక్కడ ఇరుకులో దూరాలి. ఆగిన కొద్దీ ఖర్చు పెరిగింది. ఆ డబ్బు మనదే కదా?

సైట్ ఇంజినీర్ (రిటైర్డ్): ఖర్చు పెరిగితే దొంగతనమేనా? తారు, స్టీలు, డీజిల్ రేట్లు మారతాయి. పాత రేటుకి ఏ కాంట్రాక్టరూ రాడు. సగంలో ఆపిన కంకర వానలకి కొట్టుకుపోతే మళ్లీ పరవాలి. కరెంటు స్తంభాలు, నీళ్ల పైపులు జరపడానికి వేరే ఎస్టిమేట్.

కొండకింద: స్థలం చేతికి రాకుండా టెండరు ఎందుకు పిలిచారు? అది చెప్పండి ముందు.

సైట్ ఇంజినీర్ (రిటైర్డ్): మొత్తం స్థలం వచ్చేదాకా కూర్చుంటే ఏ రోడ్డూ మొదలవదండీ.

వేపగుంట: చందనోత్సవం నాటి రద్దీలో వెళ్లి చూడండి, తెలుస్తుంది.

కొండకింద: టెండరు సంగతి చెప్పండి సార్. మా అమ్మని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి ఆ దారినే తీసుకెళ్తాను. ఆటో ఆగినప్పుడల్లా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. రోడ్డుకి అడ్డొచ్చే నాలుగు ఇళ్ల కోసం ఊరంతా ఆగాలా? అవీ సింహాచలం దేవుడి భూమిలో కట్టినవి!

గీత పడిన ఇల్లు: ఆ నాలుగింట్లో ఒకటి మాది బాబూ. వరండా స్తంభం మీద ఎర్ర పెయింటు గీత, పక్కన నంబరు. అమ్మాయి పెళ్లికి ఇల్లంతా రంగు వేయించి ఆ స్తంభం దగ్గర ఆపేశాం. ఎలాగూ పోయేదే కదా అని. మా మామగారు డబ్బు పెట్టి కొన్న స్థలం అది. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం... ఈ పంచగ్రామాల్లో భూమి దేవస్థానానిదా, ఉంటున్నవాళ్లదా అన్న గొడవ మేం తెచ్చింది కాదు. ఇంటిపన్ను కట్టించుకున్నప్పుడు ఎవరూ పట్టా అడగలేదు.

సైట్ ఇంజినీర్ (రిటైర్డ్): టీడీఆర్, అంటే పోయిన స్థలానికి బదులుగా ఇచ్చే అదనపు నిర్మాణ హక్కు పత్రం, తీసుకుని అమ్ముకోవచ్చు కదమ్మా.

గీత పడిన ఇల్లు: ఆ కాగితాన్ని బిల్డరు సగం రేటుకి అడిగితే ఎక్కడ ఇల్లు కట్టుకోవాలి?

కొండకింద: డబ్బిస్తే వెళ్తారా?

గీత పడిన ఇల్లు: చేతికిచ్చాక కొట్టమనండి, వెళ్తాం.

కొండకింద: పట్టా లేనివాళ్లకి మా పన్నుల డబ్బు ఎందుకివ్వాలి? నా అభ్యంతరం అదీ.

సైట్ ఇంజినీర్ (రిటైర్డ్): 2013 భూసేకరణ చట్టం చదవండి. పట్టణంలో మూడేళ్లకు పైగా ఆ స్థలంలో ఉంటున్న కుటుంబాన్నీ నష్టపోయే కుటుంబంగానే లెక్కేస్తుంది. ఇందులో నేను ఆవిడ పక్షమే.

కొండకింద: అలాగైతే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

గీత పడిన ఇల్లు: పెరగనీ. ఇన్నేళ్లూ ఆ ఖర్చు మా ఒక్కళ్ల మీదే పడింది.