అప్‌డేట్: పర్లాఖిమిడిలో చెల్లికి ఉచిత లాయరు దొరికాడు

పోయిన నెల అడిగాను కదా, చెల్లి ఒడిశాలోని పర్లాఖిమిడిలో మా ఇంట్లో ఉంది, భర్త లండన్‌లో, మనోవర్తి కేసుకి ఉచిత లాయరు ఇక్కడ దొరుకుతాడా, అక్కడా అని.

ఒక వకీలు "అన్న సంపాదన లెక్కలోకొస్తుంది, ఇవ్వరు" అని భయపెట్టాడు. అది తప్పు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉచిత లాయరు కోసం ఆడవాళ్లకి ఆదాయంతో పనే లేదు. ఎస్సీ, ఎస్టీలకీ, పిల్లలకీ, కస్టడీలో ఉన్నవాళ్లకీ అంతే. కోర్టు ఫీజుతో పాటు కాగితాల అనువాదం ఖర్చూ అందులోనే వస్తుంది. చెల్లి పెళ్లి కాగితాలన్నీ తెలుగులో ఉన్నాయి, అందుకే అది మాకు పెద్ద ఊరట.

జిల్లా న్యాయ సేవల ఆఫీసులో ఫారం ఒడియాలో ఉంది. అక్కడి వాలంటీరు అమ్మ ఒక్కో గడి మీద వేలు పెట్టి తెలుగులో చదివి వినిపించింది. చెల్లి తెలుగులోనే సంతకం పెట్టింది. చెయ్యి వణికింది గానీ పెట్టింది.

ఇంగ్లాండ్‌లో 2013 నుంచి ఇలాంటి కుటుంబ కేసులకి లీగల్ ఎయిడ్ (సర్కారు ఖర్చుతో లాయరు) దాదాపు లేదు. గృహహింసకి రుజువు చూపాలి. ఆపైన నెల ఆదాయం పన్ను కోతకు ముందు మామూలుగా 2,657 పౌండ్లు దాటకూడదు. అందుకే అక్కడి ఆలోచన మానేశాం. మనోవర్తి కేసు భార్య ఉంటున్న ఊళ్లోనే వేయొచ్చు, ఇక్కడే వేస్తున్నాం.

పోయిన నెల 15100కి (న్యాయ సహాయం హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యమన్న అక్కకి రెండు చేతులా దండం.